వేడెక్కని యంత్రం: ఒక మరమ్మతు పాఠం

(బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం, భౌతికశాస్త్రం)

ఈ సంచికకు వ్యాసం ఇమ్మని సంపాదకవర్గ మిత్రులు అడిగినప్పుడు, నేను ఏ కృష్ణబిలాల గురించో రాస్తాననుకున్నారు. వాటి గురించి నాకంటే బాగా రాయగలవాళ్లు మన కళాశాలలో చాలామంది ఉన్నారు. నేను బట్టలు ఆరబెట్టే యంత్రం గురించి రాస్తున్నాను. నవ్వేవాళ్లు నవ్వవచ్చు. కానీ మూడేళ్లుగా ప్రయోగశాలలో నేర్చుకున్న ఓమ్ నియమం నాకు నిజంగా అర్థమైంది ఆ యంత్రం వెనుక నేలమీద బోర్లా పడుకున్నప్పుడే. అంతకంటే ముందు నేను చేసిన తప్పు కూడా ఉంది. దాన్నీ దాచను.

మా పిన్నీ బాబాయీ కౌలుకు తీసుకుని మిరప వేసేవాళ్లు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు వాళ్ల చేలో నీరు నిలిచి మొక్కలన్నీ వడలిపోయాయి. కౌలు మాత్రం కట్టక తప్పలేదు. ఆ తరువాత వాళ్లు మళ్లీ చేను ముఖం చూడలేదు. మంగళగిరి వచ్చి, హాస్టళ్లకూ గదులు అద్దెకు తీసుకుని ఉండే కుర్రాళ్లకూ బట్టలు ఉతికిచ్చే చిన్న లాండ్రీ పెట్టారు. ఎవరో గెస్ట్‌హౌస్ మూసేస్తుంటే రెండు వాషింగ్ మిషన్లూ, ఒక డ్రయ్యరూ పాతవి కొన్నారు. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. ఎండ ఉన్నన్నాళ్లూ డాబామీద తీగలే చాలేవి. డ్రయ్యరు పనల్లా వానాకాలంలోనే.

కిందటేడు ముసురు పట్టిన నాలుగో రోజున అది వేడెక్కడం మానేసింది. డ్రమ్ము తిరుగుతోంది, గాలి వస్తోంది, వేడి లేదు. బాబాయి ఫోను చేసి, "ఏరా, నువ్వు చదివేది ఇదేగా? వచ్చి చూడు" అన్నాడు. గది నిండా తడిబట్టలు. రెండు రోజులు నానిన దుప్పట్ల వాసన ఎలా ఉంటుందో హాస్టలు మిత్రులకు నేను చెప్పక్కర్లేదు. ఆదివారంలోగా ఇవ్వకపోతే వేరేవాళ్లకు ఇచ్చుకుంటామని ఒక హాస్టలు వార్డెను అప్పటికే చెప్పి వెళ్లాడట. ఆ ఒక్క హాస్టలే వాళ్ల రాబడిలో సగం.

ముందు, వేడి ఎందుకు కావాలో కాస్త చూద్దాం. ఒక కిలో నీరు ఆవిరి కావడానికి, బట్టలు ఆరే ఉష్ణోగ్రతల దగ్గర, సుమారు 2,400 కిలోజౌళ్ల ఉష్ణం కావాలి. ఒక యూనిట్ కరెంటు అంటే 3,600 కిలోజౌళ్లు. కనుక కిలో నీటికి యూనిట్‌లో మూడింట రెండు వంతులు. మూడు కిలోల నీరు పట్టి ఉన్న బట్టలకు రెండు యూనిట్లు, అనగా రెండు కిలోవాట్ల యంత్రం గంటసేపు తిరగాలి. ఇది లెక్కలో ఒక సగం. రెండో సగం గాలిది. ఘనపు మీటరు గాలిలో 30 డిగ్రీల దగ్గర 30 గ్రాముల ఆవిరికి మించి పట్టదు. అదే గాలిని 60 డిగ్రీలకు వేడిచేస్తే 130 గ్రాములు పడుతుంది. ముసురులో బయటి గాలి ముప్పాతిక భాగం ముందే నిండి ఉంటుంది. దాన్ని వేడి చేయకుండా ఎంతసేపు తిప్పినా బట్టలు తడిగానే ఉంటాయి. వేడిచేసిన గాలి ఆవిరిని తీసుకుని బయటికి పోయే దారి ఉండాలి. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, కథంతా దానిమీదే నడుస్తుంది.

డ్రయ్యరులో వేడి వచ్చే దారి మనం అనుకునేంత పెద్దదేమీ కాదు. కరెంటు టైమరు గుండా, ఒక థర్మోస్టాట్ గుండా, ఒక ఉష్ణ ఫ్యూజు గుండా వెళ్లి కాయిలును చేరుతుంది. అన్నీ వరుసగా, శ్రేణిలో ఉంటాయి. ఒక్కటి తెగినా వేడి ఉండదు. కాయిలు నికెల్, క్రోమియం కలిపిన నిక్రోమ్ తీగ. ఆల్బర్ట్ మార్ష్ అనే అమెరికన్ దీనికి 1906లో పేటెంటు పొందాడు. ఎర్రగా కాలినా పైన ఆక్సైడు పొర కట్టి లోపలి లోహాన్ని కాపాడుకోవడం దాని గొప్ప. థర్మోస్టాట్‌లో రెండు లోహాలు అతికిన చిన్న బిళ్ల ఉంటుంది. రెండూ సమానంగా వ్యాకోచించవు కనుక వేడికి టక్కున వంగి దారి తెంపుతుంది, చల్లారాక మళ్లీ కలుపుతుంది. ఈ ద్విలోహ ఫలకం 18వ శతాబ్దంలో జాన్ హారిసన్ ఓడ గడియారం కోసం చేసినదే. ఉష్ణ ఫ్యూజు అలా కాదు. అది ఒక్కసారే తెగుతుంది, మళ్లీ కలవదు. కొన్నింటిలో నిర్ణీత వేడికి కరిగే చిన్న గుళిక, దాని వెనుక స్ప్రింగు ఉంటాయి. గుళిక కరగగానే స్ప్రింగు దారిని విడదీస్తుంది.

ఇదంతా తెలిసే వెళ్లాను. ప్లగ్గు పీకాను (స్విచ్చి ఆపితే చాలదు, ప్లగ్గే పీకాలి), వెనుక రేకు విప్పాను, మల్టీమీటరు తీశాను. కాయిలు 26 ఓముల పైచిల్లర చూపింది. వెనుక బిళ్లమీద 2,000 వాట్లు, 230 వోల్టులు అని ఉంది. వోల్టేజి వర్గాన్ని వాట్లతో భాగిస్తే 26.45. సరిపోయింది. కాయిలు బాగుంది. థర్మోస్టాట్ మీద పెట్టాను, మీటరు కూసింది. ఫ్యూజు మీద పెట్టాను, మీటరు కూసింది. ఇక మిగిలింది టైమరే కదా! "టైమరు పోయింది బాబాయ్" అని పరీక్షకుడి ముందు చెప్పినంత ధీమాగా చెప్పాను.

బాబాయి మర్నాడు విజయవాడ వెళ్లాడు. పొద్దున పోయినవాడు రాత్రికి వచ్చాడు. ఆ మోడలు ఆగిపోయిందనీ, టైమరు రాదనీ నాలుగు దుకాణాల్లో చెప్పారట. కంపెనీకి ఫోను చేస్తే కొత్త యంత్రం కొనుక్కోమన్నారు. ఆ రాత్రి పిన్ని అన్నం దగ్గర ఏమీ మాట్లాడలేదు.

నా తప్పేమిటో రెండో రోజు తెలిసింది. ఫ్యూజును సర్క్యూట్‌లో ఉండగానే కొలిచాను. దాని వైరు ఒక్కటి కూడా విప్పలేదు, టైమరు తిరిగి ఉండగానే వదిలేశాను. మీటరు నుంచి వెళ్లిన ప్రవాహం తెగిన ఫ్యూజు గుండా పోలేక, టైమరు గుండా మోటారు చుట్లలోకి వెళ్లి, అక్కడినుంచి కాయిలు మీదుగా ఫ్యూజు రెండో కొసకు చేరింది. మార్కెట్లో దొరికే చవక మీటర్లు కొన్ని ముప్పై నలభై ఓములకు కూడా కూస్తాయి. కూత విన్నాను గాని అంకె చూడలేదు. సమాంతర మార్గం గురించి ఇంటరులోనే చదివాం, లెక్కలు చేశాం, మార్కులూ వచ్చాయి! ఇప్పుడు చెబుతున్నాను, రాసుకోండి. దేన్ని కొలిచినా దాని ఒక వైరు విప్పి కొలవండి. కూత వినకండి, అంకె చదవండి. మంచి ఫ్యూజు ఓములో పదోవంతో రెండో చూపాలి. వైరు విప్పి కొలిస్తే మాది అనంతం చూపింది.

ఈలోగా బాబాయి వీధి చివరి మెకానిక్కును తీసుకొచ్చాడు. ఆయన చెయ్యి తిరిగిన మనిషే. ఫ్యూజు తీసేసి రెండు వైర్లూ కలిపి మెలేశాడు. వేడి వచ్చింది! అందరం సంతోషించాం, నేను కూడా. పావుగంట తరువాత పిన్ని పక్కరేకు మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేసింది. తలుపు తెరిస్తే పైనున్న తువ్వాలు అంచు లేత పసుపు తిరిగి ఉంది. మాడువాసన. పిన్నే ప్లగ్గు పీకేసింది. "దేనికి తెగిందో చూడకుండా కలిపేస్తే ఎట్టారా?" అంది. నేను అడగవలసిన ప్రశ్న అది.

ఫ్యూజు ఊరికే తెగదు. ఎక్కడో వేడి నిలిచిపోయింది. యంత్రాన్ని గోడ నుంచి ముందుకు లాగి చూశాం. తడిగాలి బయటికి పోయే మడతల గొట్టం గోడకీ యంత్రానికీ మధ్య నలిగి చప్పగా ఉంది. చోటు కలిసొస్తుందని ఎవరో వెనక్కి నెట్టారు. గొట్టం విప్పితే లోపలినుంచి బూడిదరంగు పీచు వచ్చింది, రెండు దోసిళ్లకు తక్కువ లేదు. మాది పత్తి పండే ఊరు. ఆ పీచును చేతిలోకి తీసుకోగానే అదేమిటో వేరే చెప్పక్కర్లేకపోయింది. బట్టలనుంచి రాలిన పత్తే అది. పత్తి నిలవల్లో నిప్పురవ్వ పడితే ఎలా అంటుకుంటుందో చూసినవాళ్లం. ఆ పీచుకు జానెడు దూరంలో ఎర్రగా కాలే నిక్రోమ్ తీగ ఉంది, మధ్యలో ఉన్న ఒక్క కాపలానూ మేం తీసేశాం.

ఫోనులో నాన్నకు చెబితే ఆయన వెంటనే పట్టేశాడు. కళ్లంలో మిరపకాయలు మందంగా పోస్తే ఎండ ఎంత కాసినా అడుగువి బూజు పడతాయి, అందుకే పలచగా పరిచి తిరగేస్తారు. "ఎండ చాలదురా, గాలాడాల" అన్నాడు. నేను పైన ఒక పేరా ఖర్చు పెట్టిన విషయం.

ఇక పార్టు దొరకడం సంగతి. ఆగిపోయింది ఆ కంపెనీ నంబరు మాత్రమే. ఫ్యూజు చేసే పని ఆగలేదు. తెగిన ఫ్యూజును భూతద్దంతో చూస్తే డిగ్రీలు, ఆంపియర్లు, వోల్టులు, ఈ మూడూ దానిమీద అచ్చయి ఉన్నాయి. మాదాని మీద 128 డిగ్రీలు, 15 ఆంపియర్లు, 250 వోల్టులు. మా కాయిలు తీసుకునేది 8.7 ఆంపియర్లు, కనుక పది ఆంపియర్లది బొటాబొటిగా సరిపోవచ్చు, కానీ ఉన్నదాన్ని తగ్గించడం దేనికి? ఎలక్ట్రానిక్ విడిభాగాల దుకాణంలో అడిగితే, ఆయన రైస్ కుక్కరుకు వేసే ఫ్యూజు చేతిలో పెట్టాడు. చూడటానికి అచ్చం అలాగే ఉంది. దానిమీద 185 ఉంది. అది వేసినా డ్రయ్యరు చక్కగా తిరిగేది, బట్టలు ఆరేవి. గొట్టం మళ్లీ నలిగిన రోజున మాత్రం 57 డిగ్రీలు ఆలస్యంగా తెగేది. రెండో దుకాణంలో సరైనది దొరికింది. రెండు తీసుకున్నాను. రెండింటి ఖరీదూ కలిపి ఆ రోజు బస్సు ఛార్జీలకంటే తక్కువే. దాన్ని టంకం వేసి అతకకూడదు. టంకపు వేడికే లోపలి గుళిక కరిగిపోతుంది. లోహపు తొడుగు వేసి నొక్కి బిగించాలి.

థర్మోస్టాట్ మీద కూడా నాకు అనుమానం పోలేదు. ప్లాస్టిక్ కవరులో చుట్టి, వైర్లు బయట ఉంచి, గిన్నెడు నీళ్లలో వేలాడదీశాను. పక్కనే థర్మామీటరు. పిన్ని గ్యాసుపొయ్యి మీద మన ప్రయోగశాల! 66 డిగ్రీల దగ్గర టక్కుమని తెగింది, చల్లారుతూ 55 దగ్గర కలిసింది. అది బాగున్నట్టే. ఒకవేళ పోయినా భయం లేదు. కె.ఎస్.డి. 301 అనే రకం చాలా ఉష్ణోగ్రతలకు దొరుకుతుంది. డిగ్రీలు, ఆంపియర్లు, మామూలుగా కలిసి ఉండే రకమా కాదా అన్నవి చూసుకుని తీసుకోవాలి. కాయిలు తెగితే పాత కాయిలు ఓములకు సరిపడా చుట్టించుకోవచ్చు. టైమరు నిజంగా పోతే అంత సులువు కాదని ఒప్పుకుంటాను.

ఇంకొకటి. ఎండాకాలం సాయంత్రాలు మా ఊళ్లో వోల్టేజి 190కి దిగడం నేను చూశాను. అప్పుడు ఇదే కాయిలు 2,000 వాట్లకు బదులు 1,365 వాట్లే ఇస్తుంది. వేడి తగ్గిందనగానే యంత్రం విప్పకుండా ముందు సాకెట్‌లో వోల్టేజి చూడండి.

విడిభాగాలు ఇవ్వకుండా కొత్తది కొనుక్కోమనడం మా బాబాయికి ఒక్కడికే ఎదురైన బాధ కాదు. మన కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరు 24న మరమ్మతు హక్కు కోసం ఒక పోర్టల్ ప్రారంభించింది. ఐరోపా సమాఖ్య 2024లో దీనిమీద చట్టమే చేసింది. మంచిదే. కానీ ఆదివారంలోగా దుప్పట్లు ఆరాలి.

శనివారం రాత్రి ఫ్యూజు బిగించి, గొట్టం శుభ్రం చేసి, తిన్నగా పెట్టి, ఎర్తు వైరు సరిచూసి ప్లగ్గు పెట్టాం. బట్టల్ని ముందూ వెనకా కాటా వేశాను. 2.4 కిలోల నీరు పోయింది. లెక్క ప్రకారం 1.6 యూనిట్లు చాలు, మీటరు 2.3 చూపింది. తేడా అంతా గోడ బయటి గొట్టం నుంచి వెచ్చగా పోతోంది. బాబాయి అక్కడ నిలబడి చెయ్యి పెట్టి చూస్తూ కాసేపు లోపలికి రాలేదు. తెల్లవారేవరకూ ఒకదాని తరువాత ఒకటి వేశాం. ఆదివారం పదిన్నరకు వార్డెను వచ్చేసరికి అన్నీ మడతపెట్టి ఉన్నాయి, పసుపు తిరిగిన తువ్వాలు తప్ప. దాని డబ్బు పిన్ని ఇచ్చేసింది.

ఇప్పుడు గోడకు మూరెడు దూరంలో నేలమీద ఎర్రరంగు గీత ఉంది. యంత్రం దాన్ని దాటి వెనక్కి పోకూడదు. ప్రతి శుక్రవారం గొట్టం దులిపేది పిన్నే. రెండో ఫ్యూజు కాగితంలో చుట్టి పోపులపెట్టెలో ఉంది. "185ది కాదుగా?" అని వెళ్లినప్పుడల్లా అడుగుతుంది.