ప్లాటినం మందు - అణువులో మార్పులు

1960 దశకంలో అమెరికాలోని మిచిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో బార్నెట్ రోజెన్‌బర్గ్ అనే శాస్త్రజ్ఞుడు బాక్టీరియా పెరిగే ద్రావణంలోకి విద్యుత్తు పంపి చూస్తున్నాడు. బాక్టీరియా విభజన ఆగిపోయింది. కాని పెరుగుదల ఆగలేదు! ఒక్కొక్కటి మామూలు కంటే 300 రెట్ల పొడవు దాకా దారంలా సాగింది. ఇది విద్యుత్తు చేసిన పని కాదు. ఎలక్ట్రోడ్ల నుంచి కొంచెం ప్లాటినం కరిగి, ద్రావణంలోని అమ్మోనియాతో, క్లోరైడుతో కలిసి కొత్త సమ్మేళనమైంది. కాన్సర్ అంటే అదుపు తప్పిన కణవిభజనే కదా! 1969లో ఈ సమ్మేళనం ఎలుకలలో కణుతులను తగ్గించిందని ప్రకటించారు. 1978లో అమెరికాలో మందుగా అనుమతి లభించింది. పేరు సిస్‌ప్లాటిన్.

దాని అణువును మీ నోటుబుక్కులో గీయండి. చతురస్రం మధ్యలో ప్లాటినం, పక్కపక్కనున్న రెండు మూలల్లో క్లోరిన్, మిగతా రెండింటిలో అమ్మోనియా. కణంలోకి వెళ్ళాక క్లోరిన్లు ఊడిపోతాయి. ఖాళీ అయిన ఆ రెండు చేతులతో ప్లాటినం డి.ఎన్.ఎ.లో పక్కపక్కనున్న రెండు గ్వానిన్‌లను పట్టుకొంటుంది. డి.ఎన్.ఎ. వంగిపోతుంది, దానికి నకలు తీయలేక కణం చచ్చిపోతుంది. క్లోరిన్లను ఎదురెదురు మూలల్లో పెట్టి చూడండి. పరమాణువులన్నీ అవే, కాని మందుగా పనికిరాదు!

చిక్కేమిటంటే డి.ఎన్.ఎ. ఆరోగ్యంగా ఉన్న కణాల్లోనూ ఉంటుంది. సిస్‌ప్లాటిన్ వల్ల విపరీతమైన వాంతులు, మూత్రపిండాలకు దెబ్బ, కొందరికి చెవుడు. మరి అణువులో ఏ భాగాన్ని మార్చాలి?

క్లోరిన్లు త్వరగా ఊడటమే ఇబ్బంది అనుకొన్నారు బ్రిటన్ రసాయనజ్ఞులు. వాటి స్థానంలో నెమ్మదిగా వదిలే ఒక సేంద్రియ ఆమ్ల భాగాన్ని అమర్చారు. ఇలాంటి సమ్మేళనాలు ఎన్నో తయారుచేసి, గాజుపాత్రలోని కణాలపైనా, ఎలుకలపైనా, ఆ తరువాతే రోగులపైనా పరీక్షించారు. అలా వడపోతలో నిలిచినది కార్బోప్లాటిన్. అమెరికాలో దానికి 1989లో అనుమతి వచ్చింది. మూత్రపిండాలకు హాని బాగా తగ్గింది, వాంతులూ తగ్గాయి. అయితే రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్లేట్‌లెట్లు ఎక్కువగా పడిపోసాగాయి. వృషణాల కాన్సర్‌లో రెండు మందులనూ పోల్చి చూస్తే పాతదే మెరుగని తేలింది!

ఇంకొక సంగతి. ఊడేది ఊడిపోయాక రెండు మందుల్లోనూ మిగిలే భాగం ఒక్కటే. అందుకే ఒకదానికి లొంగని కణితి సాధారణంగా రెండోదానికీ లొంగదు. అలాంటప్పుడు మిగిలే భాగాన్నే మార్చాలి. జపాన్‌లోని నగోయాలో 1976లో తయారైన ఆక్సాలిప్లాటిన్‌లో అమ్మోనియాల స్థానంలో ఆరు కార్బన్ల వలయం గల భాగం ఉంది. అది డి.ఎన్.ఎ.ని అంటిపెట్టుకొనే ఉంటుంది. సిస్‌ప్లాటిన్‌కు అంతగా లొంగని పెద్దపేగు కాన్సర్‌పై ఇది పనిచేసింది. దెబ్బ మాత్రం నరాలకు తగిలింది: ఈ మందు తీసుకొన్నవారు చన్నీళ్ళ గ్లాసు పట్టుకొంటే వేళ్ళు జివ్వుమంటాయి.