మూగజీవి గుండె చప్పుడు: పిల్లి హృద్రోగము, పరిచర్య

సంస్కృతమున పిల్లికి మార్జారము, మార్జాలము అని పేర్లు కలవు. తుడుచుట, శుభ్రపరచుట అను అర్థముగల ధాతువునుండి ఈ పదము ఏర్పడినదని నైఘంటికులు చెప్పుదురు. నిరంతరము నాలుకతో తన దేహమును శుభ్రపరచుకొను ప్రాణికి ఇది తగిన పేరు. ఈ పేరులో ఒక వైద్యసూచన కూడ ఇమిడియున్నది. ఒళ్లు నాకుకొనుట మానిన పిల్లి జబ్బుపడిన పిల్లి అని అనుభవజ్ఞులు గుర్తింతురు. నోరులేని ఆ జీవి తన బాధను చెప్పుకొనలేదు, సరికదా, దాచుకొనును. మంచము క్రింద, బియ్యపు బస్తాల వెనుక నక్కి పడుకొనును. ఈ దాపరికము గుండెజబ్బులో ప్రాణాంతకముగా పరిణమించును.

పిల్లిపట్ల ఆదరము మన విద్యార్థులకు క్రొత్తది కాదు. ప్రవక్త అనుచరులలో ఒకరికి 'అబూ హురైరా', అనగా పిల్లికూన తండ్రి, అను పేరే స్థిరపడినది. పిల్లిని బంధించి, తాను తిండిపెట్టక, దానిని తిననీయక చంపిన స్త్రీ శిక్షకు పాత్రురాలైనదని తెలుపు హదీసు సుప్రసిద్ధము. పరమలోభిని తెలుగువారు 'పిల్లికి బిచ్చము పెట్టనివాడు' అని నిందింతురు. రెండు సంప్రదాయములును తిండిపెట్టుటనే ప్రస్తావించినవి. అయితే తిండి పెట్టినంతమాత్రమున తీరని బాధ్యత ఒకటి కలదు. నిన్నటివరకు గోడలెక్కి గంతులువేసిన రెండేండ్ల పిల్లికి గుండెజబ్బు ఉన్నదని వైద్యుడు తెలిపిననాడు ఇంటివారు ఏమి చేయవలెను? ఈ ప్రశ్నకు సమాధానమే ఈ వ్యాసము.

వ్యాధి స్వరూపము

పిల్లులలో అన్నిటికంటె తరచుగా కనిపించు గుండెజబ్బునకు 'హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి' అని పేరు. పేరు గంభీరమే గాని అర్థము సులభము. గ్రీకు భాషలో 'హైపర్' అనగా అధికము, 'ట్రోఫీ' అనగా పోషణ, 'కార్డియా' హృదయము, 'మైస్' కండరము, 'పాథోస్' బాధ. గుండె కండరము అతిగా దళసరెక్కు జబ్బు అని మనము చెప్పుకొనవచ్చును. పిల్లి గుండెలో ఎడమ జఠరిక గోడ మందము 6 మిల్లీమీటర్లు, అంతకు మించియున్నచో వైద్యులు దానిని సాధారణముగా అసహజముగా భావింతురు.

కండరము బలిసినచో బలము పెరుగవలెను గదా అని సందేహము కలుగవచ్చును. గుండె పని ముడుచుకొనుట మాత్రమే కాదు, సడలుట కూడ. సడలినప్పుడే దానిలోనికి రక్తము నిండును. గోడ మందమై బిరుసెక్కినప్పుడు జఠరిక సరిగా సడలదు. రక్తము వెనుకకు ఒత్తిడి కలిగించును. ఎడమ కర్ణిక ఉబ్బును. ఆ ఒత్తిడి ఊపిరితిత్తులకు ప్రాకి, వానిలోనో వాని చుట్టునో నీరు చేరును. ఇది మొదటి ప్రమాదము. ఉబ్బిన కర్ణికలో రక్తము మందగించి గడ్డకట్టును. ఆ గడ్డ కదలి మహాధమనిలో ప్రయాణించి, అది వెనుకకాళ్లకు చీలుచోట తరచుగా చిక్కుకొనును. ఇది రెండవ ప్రమాదము. అట్టి పిల్లి హఠాత్తుగా బాధతో అరచును. వెనుకకాళ్లు చచ్చుబడి చల్లబడును. పాము కరచినదనియో, ఎవరో కొట్టిరనియో ఇంటివారు పొరబడుటకు అవకాశము కలదు.

ఈ జబ్బు ముసలి పిల్లులకే రాదు. కొన్ని జాతులలో ఇది వంశపారంపర్యము. మెయిన్ కూన్ జాతిలో 2005లోను, రాగ్‌డాల్ జాతిలో 2007లోను ఇందుకు సంబంధించిన జన్యుదోషములను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. కాని మన వీథులలో తిరుగు సామాన్యమైన పిల్లికి కూడ ఇది రావచ్చును. జబ్బు ఉన్నదని తేలిన పిల్లిచేత సంతానము కననీయరాదు.

గుర్తించుట

స్టెతస్కోపులో వినవచ్చు మర్మరధ్వని తొలి సూచన. అయితే మర్మరము ఉన్న ప్రతి పిల్లికి జబ్బు ఉండదు. జబ్బున్న ప్రతి పిల్లికి మర్మరము వినబడదు. కావున ఎకోకార్డియోగ్రఫీ అను శ్రవణాతీత ధ్వనిపరీక్షయే తగిన ప్రమాణము. వయసు మళ్లిన పిల్లులలో థైరాయిడ్ అతిచురుకుదనము, రక్తపుపోటు కూడ గోడను మందగింపజేయును గనుక వానిని ముందుగా పరీక్షింతురు. మన ప్రాంతమున పశువైద్యము చిరకాలము పాడిపశువుల చుట్టునే పెరిగినది. అందుచేత స్థానిక వైద్యుని సలహాపై రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరములలోని పశువైద్య కళాశాలలనో, నగరములలోని చిన్నజంతువుల వైద్యులనో విచారించుట మేలు.

ఇంటిలో పరిచర్య

ఇంటివారి చేతిలోనున్న గొప్ప సాధనము గడియారము. పిల్లి గాఢముగా నిద్రించునప్పుడు దాని రొమ్ము ఎన్నిమార్లు ఎగసిపడినదో ఒక నిమిషముపాటు లెక్కింపవలెను. ఎగసి తగ్గుట కలిపి ఒక శ్వాస. గురగురలాడునప్పుడు లెక్కింపరాదు. నిమిషమునకు 30 లోపు ఉన్నచో సాధారణము. ప్రతిదినము ఒక నోటుపుస్తకమున వ్రాసికొనవలెను. సంఖ్య పెరుగుచు 30 దాటి నిలిచినచో ఆనాడే వైద్యునికి తెలుపవలెను. నోరు తెరచి రొప్పుట, వెనుకకాళ్లు పడిపోవుట కనబడినచో క్షణమైనను ఆలస్యము చేయరాదు. హృద్రోగమున పిల్లి సాధారణముగా దగ్గదు. కావున దగ్గు లేదుగదా అని ధైర్యపడరాదు.

మందుల విషయమున వైద్యుని మాటయే శిరోధార్యము. ఊపిరితిత్తులలో నీరు చేరినప్పుడు ఫ్యూరోసెమైడ్ ఇత్తురు. ఇది మూత్రమును పెంచును గనుక త్రాగునీరు ఎల్లప్పుడు అందుబాటులో ఉంచవలెను. మూత్రపిండముల పరీక్ష అప్పుడప్పుడు అవసరము. రక్తము గడ్డకట్టకుండుటకు క్లోపిడోగ్రెల్ వాడుదురు. ఒకమారు గడ్డ ఏర్పడి బ్రతికిన పిల్లులలో ఇది ఆస్పిరిన్‌కంటె మేలైనదని 2015లో వెలువడిన పరిశోధన నిరూపించినది. ఆ మాత్ర మిక్కిలి చేదు గనుక ఖాళీ క్యాప్సూల్‌లో ఉంచి మ్రింగించుట ఉపాయము. మాత్ర గొంతులో చిక్కకుండ వెంటనే కొంచెము నీరు పట్టవలెను. లక్షణములు ఇంకను బయటపడని పిల్లులలో గోడ మందమును అదుపుచేయుటకు సిరోలిమస్ మాత్రలకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2025 మార్చిలో షరతులతో అనుమతినిచ్చినది. జబ్బును సమూలముగా నయముచేయు మందు మాత్రము లేదు. మన ఇండ్లలోని పారాసెటమాల్ పిల్లికి విషము; ఒక్క మాత్రయైనను ప్రాణము తీయగలదు.

ఆహారమున ఊరగాయ కలిపిన అన్నము, ఉప్పుచేప మానవలెను. పాలన్నము, పెరుగన్నముతోనే పిల్లిని పెంచుట మంచిది కాదు. టారిన్ అను పదార్థము మాంసము, చేపలయందు కలదు, ధాన్యములయందు లేదు. ఇది లోపించినచో పిల్లి గుండె పలుచబడి వ్యాకోచించు వేరొక జబ్బు వచ్చునని, టారిన్ ఇచ్చినచో అది కుదురునని 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు లోకమునకు తెలిపిరి. మనము చెప్పుకొనుచున్న జబ్బు టారిన్‌తో కుదరదు. ఈ భేదమును మరువరాదు. ఆకలి మందగించిన రోగికి ఆహారమును హఠాత్తుగా మార్చుటయు తగదు. అది తినుటయే ముఖ్యము.

భయము, ఎండ ఈ రోగికి శత్రువులు. వేసవిలో నీడ, చల్లని నేల, నీరు ఉండవలెను. టపాకాయల రాత్రి లోపలి గదిలో ఉంచవలెను. ఆసుపత్రికి తీసికొనిపోవునప్పుడు బుట్టపై గుడ్డ కప్పవలెను. ఏ కారణముచేతనైనను మత్తుమందు, సెలైన్, స్టెరాయిడ్ ఇవ్వబోవు వైద్యునికి గుండెజబ్బు సంగతి ముందుగా చెప్పితీరవలెను.

ధర్మసందేహము

'ఎట్లును పోవునది గదా, ఖర్చెందుకు?' అను మాట ఇరుగుపొరుగున వినవచ్చును. లక్షణములు లేని దశలో జబ్బు గుర్తింపబడిన 1008 పిల్లులను అనేక దేశములలో పరిశీలించి 2018లో ప్రకటించిన అధ్యయనమున, గుండె కారణముగా మరణించినవి సుమారు 28 శాతము. అనగా రోగనిర్ణయము మరణశాసనము కాదు. అనేకము ఏండ్లతరబడి సుఖముగా జీవించును. కొన్ని హెచ్చరిక లేకుండ కన్నుమూయును. అది ఎవరి దోషమును కాదు.

స్వల్ప ఆదాయముగల కుటుంబమునకు ఖరీదైన పరీక్షలన్నియు సాధ్యము కాకపోవచ్చును. ఆ సంగతి వైద్యునికి సిగ్గుపడక చెప్పి, ముఖ్యమైనది ఏదో అడిగి తెలిసికొనుట వివేకము. శ్వాస లెక్కించుటకు, నీరు పెట్టుటకు, నిశ్శబ్దముగ ఉంచుటకు ధనము అవసరములేదు. బాధ తీరని దశ వచ్చినప్పుడు దానిని ఇంకను పొడిగించుట ఎవరికొరకో ఇంటివారు, వైద్యుడు కలసి నిజాయితీగ ఆలోచింపవలెను. వీథిలో విడిచివచ్చుట మాత్రము ఏ ధర్మమును అంగీకరింపదు.

విద్యార్థులారా! నిద్రించు పిల్లి ప్రక్కన కూర్చుండి నిమిషముపాటు దాని ఊపిరిని లెక్కించువాడు శ్రద్ధయన నేమో నేర్చుకొనును. చెప్పుకొనలేని జీవి బాధను గమనింప నేర్చినవాడు, చెప్పుకొనలేని మనిషి బాధను గమనింపకపోడు. పుస్తకములలోని విద్యకు ఇంతకంటె మేలైన పరీక్ష వేరొకటి లేదు.