మహిళాభ్యుదయ మూర్తి – దుర్గాబాయి దేశ్‌ముఖ్

సౌకార్‌పేట నుండి నేతాజీ సుభాష్ చంద్రబోస్ రోడ్డు వెంట తూర్పుగా నడిస్తే ఎఱ్ఱని గోపురాలతో హైకోర్టు భవనం కనిపిస్తుంది. దాని ప్రక్కనున్న పాత భవనంలో 2018 వరకు న్యాయకళాశాల నడిచింది. ఎనిమిదేళ్ళకే పెళ్ళికూతురై, నడుమనే బడి మానివేసి, మూడుసార్లు జైలుకు వెళ్ళివచ్చిన ఒక తెలుగు మహిళ ఆ కళాశాలలో చదివి 1942లో న్యాయశాస్త్ర పట్టా పొందారు. ప్రక్కనున్న హైకోర్టులోనే న్యాయవాదిగా వాదించారు. ఆమే దుర్గాబాయి.

కాలిలో ముల్లు గుచ్చుకుంటే దానిని తీసి పారవేసి ముందుకు సాగిపోయేవారు చాలామంది. వెనుక వచ్చేవారికి కూడా గుచ్చుకోకూడదని ఆ దారిలోని ముళ్ళకంపనంతా ఏరివేసేవారు కొందరే. దుర్గాబాయి ఆ రెండవ కోవకు చెందినవారు.

దుర్గాబాయి 1909 జూలై 15వ తేదీన రాజమండ్రిలో జన్మించారు. తల్లి కృష్ణవేణమ్మ, తండ్రి రామారావు. ఆ రోజులలో ఆడపిల్లలకు చిన్నతనంలోనే పెళ్ళి చేసేవారు. దుర్గాబాయికి కూడా ఎనిమిదవ యేటనే వివాహమయింది. పెళ్ళంటే ఏమిటో తెలియని వయస్సది. పదిహేనేళ్ళు వచ్చి, ఊహ తెలిసిన తరువాత ఆమె ఆ బంధాన్ని అంగీకరించలేదు. మరొకరిని వివాహం చేసుకొమ్మని భర్తకు తానే చెప్పారు. నలుగురూ నాలుగు మాటలు అనే కాలమది. అయినా తండ్రి ఆమె మాటను మన్నించారు.

సహాయ నిరాకరణోద్యమం పిలుపు విని దుర్గాబాయి ఇంగ్లీషు బడిని విడిచిపెట్టారు. హిందీ నేర్చుకున్నారు. నేర్చుకున్నదానిని తనలోనే దాచుకోక బాలికా హిందీ పాఠశాలను స్థాపించి ఆడపిల్లలకు, గృహిణులకు నేర్పసాగారు.

1921లో గాంధీజీ కాకినాడకు వచ్చారు. దేవదాసీలుగా, ఘోషా స్త్రీలుగా మగ్గిపోతున్నవారు ఆయన మాట వినాలని దుర్గాబాయి తపించారు. గాంధీజీ కొద్ది నిమిషాలు ఆగాలంటే ఐదువేల రూపాయలు నిధిగా ఇవ్వాలని పెద్దలు చెప్పారు. పన్నెండేళ్ళైనా నిండని ఆ బాలిక ఆ సొమ్మును సేకరించింది. ఆ స్త్రీల సభలో గాంధీజీ చాలాసేపు మాట్లాడారు. ఆయన హిందీ ఉపన్యాసాన్ని ఆమె తెలుగులో వినిపించింది. ఆనాడు ఆ స్త్రీలు తమ చేతి గాజులను, మెడలోని నగలను తీసి దేశం కోసం సమర్పించారు.

1923లో కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగింది. అక్కడి ప్రదర్శనశాలకు టిక్కెట్టు లేనివారిని లోపలికి పంపకుండా చూడడం దుర్గాబాయి పని. జవహర్‌లాల్ నెహ్రూ టిక్కెట్టు లేకుండా వచ్చారు. ఆమె ఆయననూ ఆపివేశారు. నిర్వాహకులు కంగారుపడి టిక్కెట్టు కొని తెచ్చిన తరువాతే దారి విడిచారు. అప్పగించిన పనిని అంత ధైర్యంగా చేసినందుకు నెహ్రూ ఆమెను మెచ్చుకున్నారు.

1930లో ఉప్పు సత్యాగ్రహం మొదలయింది. మద్రాసులో సత్యాగ్రహులను ముందుండి నడిపిన దుర్గాబాయిని ప్రభుత్వం నిర్బంధించింది. 1930–33 సంవత్సరాల మధ్య ఆమె మూడుసార్లు జైలుశిక్ష అనుభవించారు. మధురై జైలులో ఆమెను ఒంటరి కొట్టులో ఉంచారు. పలకరించే మనిషి లేడు. ఆరోగ్యం బాగా దెబ్బతిన్నది.

అయితే ఆమె మనస్సును కలచివేసింది తన కష్టం కాదు. వేలూరు జైలులో ఆమెకు ఎందరో పేద స్త్రీలు కనిపించారు. వారికి చదువు లేదు. చట్టం తెలియదు. తమ పక్షాన మాట్లాడేవారు లేక కొందరు చేయని నేరానికి కూడా శిక్ష అనుభవిస్తున్నారు. చదువుకొని ఇటువంటి వారి పక్షాన నిలబడాలని ఆమె జైలులోనే నిశ్చయించుకున్నారు.

జైలు నుండి బయటికి వచ్చేసరికి ఆమె వయస్సు ఇరవైయేళ్ళు దాటింది. తోటివారు చదువు ముగించిన వయస్సులో ఆమె మళ్ళీ అక్షరాలతో కుస్తీ పట్టారు. కాశీ విశ్వవిద్యాలయం పరీక్షలకు చదివి మెట్రిక్, ఆ తరువాత ఇంటర్మీడియట్ పూర్తిచేశారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరబోతే అక్కడ స్త్రీలకు వసతిగృహం లేదన్నారు. ఆమె వెనుదిరగలేదు. చదువుకోవాలనే కోరిక ఉన్న ఆడపిల్లలు ముందుకు రావాలని పత్రికలో ప్రకటన ఇచ్చారు. వచ్చినవారితో కలిసి తామే ఒక వసతిగృహాన్ని ఏర్పాటు చేసుకున్నారు. తనకు తెరచుకోని తలుపును పదిమందికీ తెరిపించిన మనిషి ఆమె.

మద్రాసులో మైలాపూరులోని తమ ఇంట్లో ఇరుగుపొరుగు పిల్లలకు, స్త్రీలకు చదువు చెప్పడంతో మొదలైన చిన్న బృందం 1937లో ఆంధ్ర మహిళా సభగా రూపొందింది. చిన్ననాడు చదువు ఆగిపోయిన స్త్రీలను అక్కడ చేర్చుకొని, కొద్దికాలంలోనే మెట్రిక్ పరీక్షకు సిద్ధం చేసేవారు. చదువుతోపాటు కుట్టుపని, చేతిపనులు నేర్పేవారు. క్రమంగా పాఠశాలలు, వసతిగృహాలు, ఆసుపత్రి వెలిశాయి. తాను మొదట వివాహమాడిన వ్యక్తి మరణించగా ఆయన రెండవ భార్య దిక్కులేనిదయింది. దుర్గాబాయి ఆమెను చేరదీసి చేతిపనులలో శిక్షణ ఇప్పించారు. పగను గాని, పాత బాధను గాని మనస్సులో ఉంచుకున్నవారు చేయగల పని కాదిది.

1946లో దుర్గాబాయి మద్రాసు నుండి రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు. ఆ సభలోని పదిహేనుమంది మహిళలలో ఆమె ఒకరు. సభాధ్యక్షుల వరుసలో ఉన్న ఏకైక మహిళ కూడా ఆమే. 1953 జనవరిలో ఆనాటి ఆర్థికమంత్రి సి.డి.దేశ్‌ముఖ్‌ను వివాహమాడారు. అదే సంవత్సరం కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలయ్యారు. మైలాపూరులో చేసి చూపిన పని ఇప్పుడు దేశమంతటికీ మార్గమయింది. చదువు ఆగిపోయిన వయోజన స్త్రీల కోసం 1958లో మండలి సంక్షిప్త విద్యాకోర్సులను ప్రారంభించింది. అదే సంవత్సరం ఆమె స్త్రీవిద్యపై ఏర్పడిన జాతీయ సంఘానికి అధ్యక్షత వహించారు. కుటుంబ తగాదాలకు వేరుగా న్యాయస్థానాలు ఉండాలని 1953లో చైనా పర్యటన తరువాత ఆమె సూచించారు. ఆమె కాలం చేసిన తరువాత, 1984లో, అందుకు చట్టం వచ్చింది.

1975లో భారత ప్రభుత్వం ఆమెకు పద్మవిభూషణ్ బిరుదునిచ్చి గౌరవించింది. 1981 మే 9వ తేదీన ఆమె కన్నుమూశారు. చెన్నైలోని అడయారు ప్రాంతంలో ఒక వీధి, ఒక ఆసుపత్రి ఆమె పేరును నేటికీ నిలుపుతున్నాయి.

బాల్యవివాహం వల్ల బాధపడిన ఆమె స్త్రీల హక్కుల కోసం వాదించారు. చదువు మధ్యలో ఆగిపోయిన ఆమె అటువంటి వేలమందికి బడి చూపించారు. జైలులో తోటి ఖైదీల కన్నీరు చూసి న్యాయవాది అయ్యారు. కష్టం అందరికీ వస్తుంది. ఆ కష్టం మరొకరికి రాకుండా చేయాలనే తలంపు కొందరికే కలుగుతుంది. మీ ఇంటి ప్రక్కన చదువు మానివేసిన పిల్ల ఉంటే, సాయంకాలం ఒక గంట కూర్చోబెట్టి మీకు వచ్చిన నాలుగు అక్షరాలు నేర్పండి. దుర్గాబాయి కూడా పని మొదలుపెట్టింది అలాగే.

అర్థాలు
కోవ – తరగతి, వరుస
మన్నించు – గౌరవించి ఒప్పుకొను
తపించు – మిక్కిలి ఆరాటపడు
కలచివేయు – మిక్కిలి బాధపెట్టు
వయోజనులు – పెద్దవయస్సు వారు

అ) ఒక్క వాక్యంలో జవాబు వ్రాయండి.
1. దుర్గాబాయి ఎక్కడ, ఎప్పుడు జన్మించారు?
2. ఆంధ్ర మహిళా సభ ఏ సంవత్సరంలో రూపొందింది?
3. దుర్గాబాయి నెహ్రూను ఎందుకు ఆపివేశారు?

ఆ) నాలుగైదు వాక్యాలలో జవాబు వ్రాయండి.
1. న్యాయశాస్త్రం చదవాలని దుర్గాబాయి ఎందుకు నిశ్చయించుకున్నారు?
2. ‘తనకు తెరచుకోని తలుపును పదిమందికీ తెరిపించిన మనిషి’ – ఈ మాటను వివరించండి.

ఇ) సొంతవాక్యాలలో ప్రయోగించండి.
చేరదీయు, వెనుదిరుగు, కన్నుమూయు

ఈ) చేయవలసిన పని
చదువు మధ్యలో ఆగిపోయినా ఇతరులకు సాయపడుతున్న ఒక స్త్రీని మీ వీధిలో కలిసి, ఆమె చెప్పిన విషయాలను పది వాక్యాలలో వ్రాసి తరగతిలో చదివి వినిపించండి.