నిలబెట్టిన బండికీ వయసొస్తది

రఘునాథపల్లి,
జనగామ జిల్లా.

బిడ్డా, రోజూ ఫోన్ల మాట్లాడుకుంటనే ఉన్నం కదా, మళ్ల ఉత్తరం ఎందుకు బాపూ అంటవేమో. ఫోన్ల నేను ఇంజన్ ఆయిల్ అనంగనే నువ్వు "సరే బాపూ, చేయిస్త బాపూ" అంటవ్, నాకేమో చెప్పాల్సిన దాంట్ల సగం గొంతులనే ఉండిపోతది. అందుకే అరుగు మీద కూసొని నిమ్మళంగ రాస్తున్న, నువ్వు గూడ చాయ్ తాగుకుంట నిమ్మళంగ చదువు.

మొన్న ఒక మాట అన్నవ్ బిడ్డా. బండి కొని ఏడాదిన్నర అయినా ఆరు వేల కిలోమీటర్లు గూడ తిప్పలేదని, పదివేలకు కదా సర్వీసని, అప్పుడే ఎందుకని. పుస్తకంల పదివేలని ఉన్నది నిజమే, గని ఆ పక్కన్నే "లేదా పన్నెండు నెలలు, ఏది ముందైతే అది" అని ఇంకో ముక్క ఉంటది, దాన్ని చాలామంది చదువరు. నువ్వు ఇంటికాడికెళ్లి ఆఫీసుకు నాలుగైదు కిలోమీటర్లు పోతవ్, ఇంజన్ మంచిగ వేడెక్కే లోపే బంద్ చేస్తవ్. పెట్రోలు మండినప్పుడు లోపల నీటి ఆవిరి పుడతది, ఆ ఆవిరి కొంత, మండని పెట్రోలు కొంత పిస్టన్ రింగుల సందుల నుంచి జారి కింద ఆయిల్ల కలుస్తయ్. దూరం పోయే బండిల ఆయిల్ బాగ కాగుతది కాబట్టి ఆ తడి ఎగిరిపోతది, నీ బండిల ఎటూ పోక ఆయిల్లనే ఉండి దాన్ని పలచగ చేస్తది, మడ్డి కట్టిస్తది. ఆయిల్ పోసే మూత తీసి దాని అడుగున చూడు, తెల్లగ మీగడ లెక్క కనిపిస్తే అది ఆ తడే. అది తుడిస్తే పోయి మళ్ల రాకుంటే ఫికరు లేదు, కూలెంట్ డబ్బాల నీళ్లు గూడ తగ్గుతున్నయంటే మాత్రం అదే రోజు మెకానిక్‌కు చూపియ్యాలె. ఆయిల్ నల్లగైందని భయపడకు, లోపలి మసిని పట్టుకొనుడు దాని పనే, రంగును చూసి మంచిదో చెడ్డదో చెప్పలేం. తారీకును చూసి చెప్పాలె.

అందుకే నీకొక లెక్క పెడుతున్న, మరిచిపోకుండ ఉండేటట్టు. దసరాకు బండికి పూజ చేస్తం కదా, ఆ పూజకు ముందే ఏటా ఆయిల్, ఆయిల్ ఫిల్టరు రెండూ మార్చాలె. దసరా నాకు ఇంకో తీరుగ గూడ యాదికుంటది, 2016 అక్టోబర్ 11న, విజయదశమి నాడే మన జనగామ జిల్లా అయింది, అప్పటిదాక మన ఊరి పేరు కింద వరంగల్ జిల్లా అని రాసిన ఈ చెయ్యికి కొత్త పేరు రాసుడు అలవాటయ్యేసరికి చాన్నాళ్లు పట్టింది. ఏడాదిల పదివేలు దాటితివనుకో దసరా దాక ఆగొద్దు, అప్పుడు కిలోమీటర్లే ముందు. మట్టి రోడ్ల మీద, ట్రాఫిక్‌ల ఎక్కువ తిరిగే బండికైతే ఇంకా ముందే మార్చాలని కంపెనీ పుస్తకాలే చెప్తయ్.

నువ్వు చిన్నగున్నప్పటి సంగతి యాదికున్నదో లేదో, యాపచెట్టు కింద అంబాసిడర్ పెట్టి నేను బానెట్ లేపితే చాలు, స్కూల్ డ్రెస్ గూడ విడవకుండ ఉరికొచ్చి బ్యాటరీ లైటు పట్టుకునేదానివి. నేను ఎటు చూస్తే నీ లైటు అటే వచ్చేది, అడగకముందే పేలిక అందిచ్చేదానివి, డిప్‌స్టిక్ తీసి తుడిచి మళ్ల పెట్టి తీస్తే రెండు గీతల నడుమ ఆయిల్ ఎక్కడున్నదో నీకంటే ముందు నన్ను చెప్పనియ్యకపోయేదానివి. ఆ బండికి మూడు నాలుగు వేల కిలోమీటర్లకే ఆయిల్ మార్చాలె, ముందర చక్రాల కాడ గ్రీజు కొడుతనే ఉండాలె. అర్ధరాత్రి ఎవరింట్లనన్న నొప్పులు మొదలైనయంటే మన తలుపే కొట్టేటోళ్లు, వరంగల్ సీకేఎం దవాఖాన యాభై కిలోమీటర్లకు అటూ ఇటూ, తొవ్వల బండి ఆగితే ఇద్దరి పాణం. నాకు పని నేర్పిన జనగామ ఉస్తాద్ ఎంత రాత్రయినా నీళ్లు, ఆయిల్, టైర్లు చూడంది పండుకునేటోడు కాదు, తెల్లారి ఎవరు ఎక్కుతరో మనకేం తెలుసురా అనేటోడు. ఆయన మీద గౌరవంతోనే నాకా అలవాటు వచ్చింది, నీ చేతిల లైటుతోని అది నీకూ వచ్చిందనే నా నమ్మకం.

పక్క ఫ్లాట్ల పెద్దమ్మను కంటి దవాఖానకు నీ బండిల తోలుకపోయి, వాపస్ తెచ్చేదాక ఆడనే కూసున్నవని మీ అమ్మ చెప్పింది. నువ్వైతే నాకు చెప్పలే. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నీ బ్రేకుల మీదనే సోయి ఉన్నది బిడ్డా. సెకండ్‌హ్యాండ్ బండి, దాని బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చిన్రో అమ్మినాయనకే యాదికి లేదు. బ్రేక్ ఆయిల్ గాలిల తడిని గుంజుకుంటది, బండి కదలకుండ సెల్లార్ల ఉన్నా గుంజుకుంటనే ఉంటది. డాట్ 4 రకం కొత్తగున్నప్పుడు 230 డిగ్రీల దాక మరగదు, తడి బాగ పట్టినాక 155 కాడనే మరగొచ్చు. సిటీల మెల్లగ తిరిగితే నీకు ఆ తేడానే తెల్వదు. దోస్తులతోని శ్రీశైలం పోత అన్నవ్ కదా, ఆ ఘాట్ దిగేటప్పుడు బ్రేకు తొక్కి తొక్కి చక్రాల కాడ వేడెక్కితే ఆయిల్ మరిగి లోపల ఆవిరి బుడగలు వస్తయ్, పెడల్ మెత్తగ కిందికి పోతది, బండి ఆగదు. అందుకే రెండేండ్లకొకసారి పాతదంతా తీసి కొత్తది పోయించాలె, పైన కొంచెం కలిపితే కాదు, నాలుగు చక్రాల కాడి నుంచి పాత ఆయిల్ బయటికి రావాలె. ఈసారి అది చేయించంది శ్రీశైలం మాట ఎత్తొద్దు. చేయించినా గూడ ఘాట్ దిగేటప్పుడు గేరు తగ్గించుకొని దిగు. పక్కన కూసున్నోళ్లు తొందరపెడితే పెట్టనియ్యి.

కూలెంట్ గూడ అంతే. మన దిక్కు బోరు నీళ్ల సంగతి నీకు తెలుసు, స్టీల్ బిందెల తెల్లగ గార కడతది, మీ అమ్మ చింతపండు పెట్టి ఎంత తోమినా పోదు, అవే నీళ్లు రేడియేటర్ల పోస్తే దాని సన్నటి గొట్టాలల్ల గూడ అదే గార కడతది. కలిపి అమ్మే డబ్బా కూలెంటే పోయించు, పుస్తకంల ఏ రకం రాస్తే ఆ రకమే, రెండు రకాలు కలపొద్దు. మూడేండ్లకు మార్చేవి ఉంటయ్, ఐదేండ్లు ఆగేవి ఉంటయ్, నీ బండి పాత లెక్క మనకు తెల్వదు కాబట్టి ఇప్పుడు ఒకసారి మొత్తం మార్చి ఆ తారీకు నుంచి లెక్క పెట్టుకుందాం. ఇంజన్ వేడిమీద ఉన్నప్పుడు మాత్రం ఆ మూత ముట్టకు, లోపల నీళ్లు ఒత్తిడి మీద ఉంటయ్, మొకం మీదికే కొడతయ్.

మిగిలినవి మెల్లమెల్లగ చూసుకోవచ్చు. మిరుగం రాకముందే వైపర్ రబ్బర్లు మార్చు, రోహిణి కార్తె ఎండకు అవి గట్టిపడి మొదటి వాననాడే అద్దం మీద గీతలు పెడతయ్. బ్యాటరీని గూడ చలికాలం కంటే ఎండకాలమే ఎక్కువ తింటది, మూడేండ్లు దాటిందంటే ఎండలు మొదలైనప్పుడే చెక్ చేయించు. ఏసీ ఫిల్టరు ఏడాదికొకటి, ఎయిర్ ఫిల్టరు సర్వీసుకొకసారి తీసి చూసి దుమ్ము పట్టిందంటే మార్చుడే. నీ బండి సెల్లార్లనే ఉంటది కదా, ఆ ఫిల్టరు డబ్బాల ఎలుకలు గూడు పెడతయ్, వైర్లు కొరుకుతయ్, వారానికొకసారి బానెట్ లేపి చూడు. బ్రేక్ ప్యాడ్లు పదివేలకొకసారి చూపియ్యాలె. టైరు పక్కన చిన్న గడిల నాలుగంకెలుంటయ్, 2321 అని ఉంటే 2021ల ఇరవైమూడో వారం తయారైందని, గీతలు ఎంత లోతున్నా ఐదారేండ్లు దాటిన రబ్బరును నమ్మొద్దు.

సర్వీసు కాడ ఆ ఫ్లష్, ఈ క్లీనింగ్ అని పెద్ద లిస్టు చేస్తరు. పుస్తకంల ఉన్నదా అన్నా అని మర్యాదగ అడుగు, లేకపోతే వద్దని చెప్పు, అడిగేటందుకు మొకమాట పడకు. మార్చిన పాత సామాను చూపియ్యమను. బండి కింద పండుకొని పని చేసే పిలగాని పేరు అడిగి తెలుసుకో, ఎండపూటైతే చల్లటి నీళ్ల బాటిల్ ఇయ్యి, నువ్వు ఇస్తవని నాకు తెలుసు.

ఇంకొకటి. నెలకొకసారన్న ఇంటికి రా. ఘట్‌కేసర్, భువనగిరి, ఆలేరు, పెంబర్తి దాటుకుంట వంద కిలోమీటర్ల దగ్గర ఆపకుండ నడిస్తే ఆయిల్ బాగ కాగి లోపలి తడి ఎండిపోతది, బ్యాటరీ నిండుతది, ఇంజన్‌కు అంతకంటే మంచి మందు లేదు. మీ అమ్మ గూడ ఆదివారం ఆదివారం గేటు దిక్కే చూస్తది.

దసరాకు రెండు రోజుల ముందే వస్తే ఉస్తాద్ కొడుకు షెడ్డుల పెడదాం, ఇప్పుడు ఆ పిలగాడే చేస్తున్నడు, చెయ్యి నాయన చెయ్యే. పుస్తకంల ఆయిల్ గ్రేడ్ రాసిన పేజీని ఫోటో కొట్టి పంపు, ఆయిల్, ఫిల్టరు, డాట్ 4 డబ్బా నేను జనగామల తీసుకొని పెడత. పాత బిల్లులు ఏమన్న ఉంటే డ్యాష్‌బోర్డ్ డబ్బాల వెతికి తీసుకరా. పొద్దుగాల చల్లగున్నప్పుడు టైర్ల గాలి చూసుకొని బయల్దేరు, రాత్రిపూట మాత్రం రాకు. పైలం బిడ్డా.

ఇట్లు,
నీ బాపు