పాత ట్రాక్టర్ డైనమో: బ్యాటరీకి ఛార్జింగ్ అందించే తీగల కథ

ఉదయాన్నే సెల్ఫ్ కొడితే ఇంజన్ తిరగదు. బ్యాటరీ పాడైందని కొత్తది వేస్తే, కొన్నాళ్లకే అదీ దిగిపోతుంది. డైనమో ఉన్న పాత ట్రాక్టర్లలో ఇది తరచూ కనిపించే ఇబ్బంది. ఇలాంటప్పుడు లోపం బ్యాటరీలో కాక, దానికి కరెంటు అందించే ఏర్పాటులో ఉండవచ్చు. డబ్బు ఖర్చు చేసేముందు ఆ ఏర్పాటు ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడం మేలు.

తనంతట తానే పుంజుకునే యంత్రం

అయస్కాంత క్షేత్రంలో తీగచుట్ట తిరిగితే విద్యుత్తు పుడుతుంది. దీనికి మూలమైన విద్యుదయస్కాంత ప్రేరణను మైకేల్ ఫారడే 1831లో కనుగొన్నాడు. డైనమోలో తిరిగే చుట్టను ఆర్మేచర్ అంటారు. దాని చుట్టూ కదలకుండా ఉండి అయస్కాంత క్షేత్రాన్ని కల్పించేవి ఫీల్డ్ కాయిల్స్. వీటికి కరెంటు ఇచ్చేది కూడా డైనమోయే. ఇంజన్ ఆగినా లోపలి ఇనుప దిమ్మెల్లో కొద్దిపాటి అయస్కాంతత్వం మిగిలి ఉంటుంది. ఇంజన్ తిరగగానే దానివల్ల ఒకటి రెండు వోల్టులు పుడతాయి. ఆ కరెంటు ఫీల్డ్ కాయిల్స్‌లో పారి అయస్కాంతాన్ని బలపరుస్తుంది, దాంతో వోల్టేజి ఇంకా పెరుగుతుంది.

రెగ్యులేటర్ బాక్సు చేసే రెండు పనులు

ఈ పెరుగుదలకు పగ్గం వేయకపోతే బ్యాటరీ ఉడికిపోతుంది. 12 వోల్టుల వ్యవస్థలో వోల్టేజి హద్దు దాటబోగానే రెగ్యులేటర్ కాంటాక్టు విడిపోయి, ఫీల్డ్ కరెంటుకు ఒక నిరోధం అడ్డువస్తుంది. రెండో భాగం కటౌట్. డైనమో వోల్టేజి బ్యాటరీని మించినప్పుడే ఇది రెండింటినీ కలుపుతుంది. ఇంజన్ ఆగగానే విడదీస్తుంది. లేకుంటే బ్యాటరీ కరెంటు వెనక్కి పారి డైనమోను కాల్చేస్తుంది.

ఏ తీగ ఎక్కడికి?

లూకాస్ రకం బాక్సుల మీద అక్షరాలు ఉంటాయి. పని మొదలుపెట్టేముందు బ్యాటరీ ఎర్త్ తీగ విప్పాలి.

• డైనమో పెద్ద టెర్మినల్ ‘డి’ నుంచి బాక్సులోని ‘డి’కి లావు తీగ.
• చిన్న టెర్మినల్ ‘ఎఫ్’ నుంచి బాక్సులోని ‘ఎఫ్’కి సన్న తీగ.
• బాక్సులోని ‘ఇ’ నుంచి ఛాసిస్‌కు ఎర్త్. రంగు, తుప్పు గీకి శుభ్రమైన లోహానికి బిగించాలి.
• బాక్సులోని ‘ఎ’ నుంచి అమ్మీటర్ మీదుగా బ్యాటరీకి లావు తీగ.

లైట్ల తీగను అమ్మీటర్‌కు బాక్సు ఉన్న వైపు కలపాలి. అప్పుడే ముల్లు బ్యాటరీలోకి వెళ్లే, బయటికి వచ్చే కరెంటును సరిగ్గా చూపుతుంది. స్టార్టర్ మోటారు తీగ మాత్రం నేరుగా బ్యాటరీ నుంచే వెళ్లాలి. అది లాగే భారీ కరెంటును అమ్మీటర్ తట్టుకోలేదు.

ధ్రువత సరిచూడటం

కొన్ని పాత ట్రాక్టర్లలో బ్యాటరీ ప్లస్‌ను, మరికొన్నింటిలో మైనస్‌ను బాడీకి ఎర్త్ చేస్తారు. డైనమోలో మిగిలిన అయస్కాంతత్వం దానికి సరిపోయే దిశలో ఉండాలి. లేకపోతే కటౌట్ కాంటాక్టులు కాలిపోతాయి. డైనమో మార్చినా, ఎర్త్ దిశ మార్చినా, ఇంజన్ ఆపి ఉంచి, డైనమో ‘ఎఫ్’ తీగ విప్పి, బ్యాటరీ ఎర్త్ తిరిగి కలపాలి. తర్వాత బ్యాటరీలో ఎర్త్ కాని కొన నుంచి ఒక తీగతో ఆ ‘ఎఫ్’ టెర్మినల్‌ను క్షణకాలం తాకించాలి. ఫీల్డ్ కాయిల్ రెండో కొన డైనమో లోపలే ఎర్త్ అయ్యే రకానికే ఈ పద్ధతి వర్తిస్తుంది.

లోపం ఎక్కడుందో తేల్చడం

ఛార్జింగ్ రాకపోతే ముందు బెల్టు బిగువు చూడాలి. తర్వాత డైనమో రెండు తీగలూ విప్పి, ‘డి’, ‘ఎఫ్’లను చిన్న తీగతో కలిపి, వాటికీ బాడీకీ మధ్య వోల్టుమీటరు పెట్టాలి. ఇంజన్ వేగం మెల్లగా పెంచితే వోల్టేజి నిలకడగా ఎక్కాలి. 20 వోల్టులు దాటనివ్వకూడదు. అలా ఎక్కితే డైనమో బాగున్నట్టే, లోపం తీగల్లోనో బాక్సులోనో వెతకాలి. ఎక్కకపోతే కార్బన్ బ్రష్‌లు, కమ్యుటేటర్, ఫీల్డ్ కాయిల్స్ పరీక్షించాలి.

ఛార్జి అవుతున్న బ్యాటరీ నుంచి మండే హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. దాని దగ్గర బీడీ, నిప్పురవ్వ ఉండరాదు. ఛార్జింగ్ చాలకపోతే సీసపు పలకలపై సల్ఫేటు గట్టిపడుతుంది, ఎక్కువైతే నీరు ఇంకిపోతుంది. ఈ రెండింటి మధ్య బ్యాటరీని కాపాడేది సరైన వరసలో గట్టిగా బిగించిన ఆ కొద్దిపాటి తీగలే.