పీఎఫ్ కోత ఖర్చు కాదు

ప్రశ్న: జీతంలో కోసే పీఎఫ్‌ను గ్నూక్యాష్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో విడిగా రాయాలా? చేతికొచ్చిన జీతం రాస్తే చాలదా?

జవాబు: చాలదు. ఆ కోత ఖర్చు కాదు, మీ డబ్బే ఇంకో ఖాతాకు వెళ్తోంది. అందుకే మొత్తం జీతాన్ని ఆదాయంగా చూపి, పన్నును ఖర్చులో, మీ వాటాను ‘పీఎఫ్’ అనే ఆస్తి ఖాతాలో, మిగిలింది బ్యాంకు ఖాతాలో వేయండి. మూలవేతనం, డీఏ కలిపి 15,000 రూపాయలైతే మీ వాటా 12 శాతం, అంటే 1,800. యజమానీ అంతే కడతారు గానీ, అందులో 1,250 పింఛను పథకానికి పోతుంది. మీ పీఎఫ్‌లో చేరేది 550. దాన్నీ ఆదాయంగా రాసి అదే ఖాతాకు చేర్చండి. పీఎఫ్ పాస్‌బుక్ ఉండగా ఈ శ్రమెందుకు అనొచ్చు. జీతంలో కోసి కూడా జమ చేయని నెల ఉంటే, మీ లెక్కను పాస్‌బుక్‌తో సరిచూసినప్పుడే బయటపడుతుంది. వడ్డీని మాత్రం జమయ్యాకే రాయండి.