బరువు తగ్గుటకు అన్నము మానవలెనా?

పశ్చిమ బెంగాలునందలి ఖరగ్‌పూరు రైల్వే పట్టణమున తెలుగు కుటుంబములు తరతరములుగా నివసించుచున్నవి. ట్రాఫిక్ మొదలగు పేటలలో నేటికిని పెక్కు యిండ్లయందు రెండు పూటల వరియన్నమే ప్రధానాహారము. సాయంకాలమున వంగదేశపు అలవాటు ననుసరించి మరమరాలు, ఆలూచాపు తోడగును. పారపట్టి, సమ్మెటపట్టి శ్రమించిన పూర్వులకు ఆ అన్నము ఒంటికి సరిపోయెను. కూర్చుండి పనిచేయువారికి అదే అన్నము క్రొవ్వుగా మారి నడుమున నిలుచును. నడుము కొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించిన యెడల జాగ్రత్త వహింపవలెను.

పిండిపదార్థములు – బరువు

బియ్యము, గోధుమ, బంగాళాదుంప, చక్కెర పిండిపదార్థములు గలవి. 100 గ్రాముల బియ్యమున సుమారు 78 గ్రాముల పిండిపదార్థము, 350 కెలోరీల శక్తి కలవు. పిండిపదార్థము తగ్గింపగానే కాలేయమునందును కండరములందును నిలువయున్న గ్లైకోజెన్ తరుగును. దానితో కూడియున్న నీరును వెడలిపోవును. కావున మొదటి వారమున తగ్గు బరువులో హెచ్చుభాగము నీరే. తరువాత తగ్గుదల మందగించినంత మాత్రమున నిరాశ చెందరాదు.

ఈ పద్ధతి క్రొత్తది కాదు. లండను నివాసి విలియం బాంటింగ్ రొట్టె, చక్కెర, బంగాళాదుంపలు విడిచి బరువు తగ్గిన విధమును 1863లో ప్రకటించెను. ఇటీవలి కాలమున తెలుగునాట వీరమాచనేని రామకృష్ణ ప్రచారము వలన ఇట్టి ఆహారమును గూర్చిన మాట ఇంటింట వినబడినది. అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమువారు 609 మందిని పరిశీలించి 2018లో ఫలితములు వెల్లడించిరి. ఒక సంవత్సరమున పిండిపదార్థము తగ్గించినవారు సగటున 6.0, క్రొవ్వు తగ్గించినవారు 5.3 కిలోగ్రాములు తగ్గిరి. ఆ భేదము లెక్కింపదగినది కాదు. విడువక పాటింపగలిగినదే మంచి పద్ధతి యని దీని సారాంశము.

ఆచరణ విధానము

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన సూచనల ప్రకారము ధాన్యముల వలన లభించు శక్తి మొత్తములో 45 శాతము మించరాదు. అన్నమును పూర్తిగా మానుట కంటె మితముగా తగ్గించుటయే సులభము.

1. బియ్యము కొలిచి వండవలెను. రోజుకు 150 గ్రాములు తగ్గించినచో సుమారు 500 కెలోరీలు తగ్గును.

2. కంచమున సగము ఆకుకూరలు, బీర, పొట్ల, సొర మొదలగు కూరలు ఉండవలెను. బంగాళాదుంపను ఈ లెక్కలో చేర్చరాదు.

3. పప్పు, గ్రుడ్డు, చేప హెచ్చింపవలెను. ఒక గ్రుడ్డున సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు కలవు.

4. మరమరాలు తేలికగా తోచినను బియ్యమే. ఆలూచాపు, రసగుల్లా, తీపి తేనీరు అరుదుగా తీసికొనవలెను.

5. నూనెయు కొలిచియే వాడవలెను. గ్రాము పిండిపదార్థమునకు 4 కెలోరీలు కాగా, గ్రాము క్రొవ్వునకు 9 కెలోరీలు.

ముఖ్యమగు హెచ్చరిక

ఇన్సులిన్ గాని, చక్కెర తగ్గించు మాత్రలు గాని వాడువారు వైద్యుని అడుగకుండ అన్నము తగ్గింపరాదు. మందు మోతాదు మార్చకయే అన్నము తగ్గించినచో రక్తమునందలి చక్కెర ప్రమాదకరముగా పడిపోవచ్చును. చెమట, వణుకు, మిక్కిలి ఆకలి, తల తిరుగుట, తికమక దీని లక్షణములు. కార్ఖానా యంత్రము చెంతనో, రైలు పట్టాల మీదనో ఇది సంభవించినచో ప్రాణమునకే ముప్పు. లక్షణములు కనబడిన తక్షణమే పని ఆపి, స్పృహలోనున్న వ్యక్తికి మూడు చెంచాల చక్కెర నీటిలో కలిపి త్రాగింపవలెను. స్పృహ లేనివారి నోట ఏమియు పోయక వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను.

గర్భిణులు, పాలిచ్చు తల్లులు, పిల్లలు, మూత్రపిండ వ్యాధిగ్రస్తులు వైద్యసలహా లేక ఈ పద్ధతిని అవలంబింపరాదు.

అన్నము మనకు శత్రువు కాదు. కొలత లేకపోవుటయే శత్రువు. కావున ప్రతి గృహిణియు, ప్రతి గృహస్థుడును కంచమున అన్నపు భాగమును తగ్గించి, కూరల భాగమును పెంచి, ప్రతిదినము కొంతసేపు నడచుచు కుటుంబారోగ్యమును కాపాడుకొందురు గాక!